తెల్లగా ఉండాల్సిన చోటు

పసిపిల్లల ఛాతీ ఎక్స్‌రే సరిగ్గా తీసేవాళ్ళు మహబూబాబాద్‌లో ఎవరున్నారని అడిగితే ఒకప్పుడు నేను మొహమాటం లేకుండా నా పేరే చెప్పేవాణ్ణి. పెద్దవాళ్ళకైతే ఊపిరి పీల్చి బిగబట్టమని చెప్పి మీట నొక్కితే పని అయిపోతుంది. పసిబిడ్డకు ఏం చెప్తాం? తల్లికి సీసపు ఏప్రన్ తొడిగి, బిడ్డ రెండు చేతులూ చెవుల పక్కకు ఎత్తి పట్టుకోమని, అరికాలి మీద వేలితో చిన్నగా ఒక్కటి కొట్టాలి. బిడ్డ ఏడుపు అందుకుంటుంది. ఏడుపుకూ ఏడుపుకూ మధ్య గాలి నిండా పీల్చుకునే ఆ రెప్పపాటులో మీట నొక్కాలి. కొంచెం ముందైనా, వెనకైనా ఊపిరితిత్తులు ముడుచుకుపోయి, లేని నిమ్ము ఉన్నట్టు కనబడుతుంది. నాకు రెండోసారి తీయాల్సిన అవసరం ఎప్పుడో గాని పడేది కాదు. పిల్లల డాక్టర్లు చీటీ మీద నా సెంటరు పేరు రాసి పంపేవాళ్ళు, నేను కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి.

పని నేర్చుకుంది మాత్రం భూపాలపల్లిలో. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి చాలా ఏళ్ళు అక్కడొక ప్రైవేటు సెంటర్లో చేశాను. వచ్చేవాళ్ళలో సగం మంది బొగ్గుబావుల్లో దిగినవాళ్ళు. ఎక్స్‌రేలో గాలి ఉన్న చోటు నల్లగా, గాలి లేని చోటు తెల్లగా పడుతుంది. ఆ తెల్లటిదాన్ని మేం నీడ అంటాం, వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది గానీ. ఊపిరితిత్తులు నల్లగా ఉంటే మంచిది, తెల్లగా ఉంటే జబ్బు. టీబీ తెల్లగా ఉంటుంది, నీరు చేరితే తెల్లగా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము తెల్లటి చుక్కలై కూర్చుంటుంది. డాక్టరు చూడకముందే నేను చెప్పేసేవాణ్ణి, అది నా పని కాకపోయినా. ఫిల్ము చేతికి రాగానే నా కన్ను తెల్లటిదాని కోసం వేటకు పోయేది.

పసిపిల్లల ఛాతీలో ఒక్క తెల్లటి నీడ మాత్రం జబ్బు కాదు. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైభాగాన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. పసితనంలో పెద్దగా ఉండి, మనిషి పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. పెద్దవాళ్ళ ఫిల్ములో దాని జాడే దొరకదు. పసిబిడ్డ ఫిల్ములో అది చూసి తల్లిదండ్రులు గుండె ఉబ్బిందేమోనని బెంబేలెత్తిపోతారు. కొత్తగా వచ్చిన ఒక డాక్టరు కూడా అలాగే అనుకుంటే నేనే నవ్వుకుంటూ సర్ది చెప్పాను. అది ఎందుకుందో, ఏం పని చేస్తుందో మాత్రం నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాకు సంబంధించినంతవరకు అది ఫిల్ముకు అడ్డమొచ్చే ముద్ద.

మాది వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా అక్కను చిల్పూర్ దగ్గర ఊళ్ళో ఇచ్చారు. మా ఇళ్ళల్లో పిల్లను బయటికి ఇవ్వడమంటే పొలంలోకి పక్కవాడి ఎడ్లను తోలుకున్నంత పెద్ద తప్పు. మా నాయిన తన మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. నేను నా మేనమామ కూతుర్ని చేసుకున్నాను. నా ఒక్కగానొక్క బిడ్డ పుట్టిన నాడే మా అక్క వచ్చి, ఇది నా కోడలు అని తొట్టెలో కొత్త బట్ట వేసి పోయింది. ఆ పిల్ల డిగ్రీ అయిపోయే నాటికి మేనల్లుడికి భూపాలపల్లి దగ్గరి చెల్పూర్ కరెంటు ప్లాంటులో పని దొరికింది. ఇంకేం కావాలనుకున్నాం. మాటలు నడుస్తున్న రోజుల్లో నా బిడ్డ ఒక్కసారి మాత్రం అంది.

"బయాలజీ పుస్తకంల ఇట్ల దగ్గరోళ్ళను చేసుకోవద్దని ఉంటది బాపూ."

సగం నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వుతూనే, మీ తాతకేమైంది, నాకేమైంది, నువ్వు మంచిగ లేవా అని కొట్టిపారేశాను. అలా అన్నప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. నాకూ అక్కకూ మధ్య ఆమెకు ఇద్దరు మగపిల్లలు పుట్టి ఏడాది నిండకుండానే నిమ్ము చేసి పోయారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఏ ఇంట్లో పిల్లలు పోలేదు గనక, ఎవరం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 

పెళ్ళయింది. రెండో ఏట మనవడు పుట్టాడు. తొలికాన్పు పుట్టింట్లో గనక మహబూబాబాద్‌లో మా ఇంట్లోనే ఉన్నారు తల్లీపిల్లవాడూ. బొద్దుగా ఉన్నాడు, నెత్తి నిండా జుట్టు. చిల్పూర్ గుట్ట మీది వెంకన్నకు పుట్టు వెంట్రుకలు ఇస్తామని అక్క మొక్కుకుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెల పండగ చేశాం. ఆ వచ్చినవాళ్ళలో ఎవరి జలుబు అంటుకుందో, రెండు రోజులకు వాడు ముక్కు బిగిసి గురగురమన్నాడు. పిల్లల డాక్టరు ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే రాశాడు. నేనే తీశాను. నా బిడ్డే వాడి చేతులు పట్టుకుంది. అరికాలి మీద కొట్టాను, వాడు కయ్యిమన్నాడు, సరిగ్గా గాలి పీల్చుకున్నప్పుడు మీట నొక్కాను.

ఫిల్ము కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. రెండు పక్కలా ఊపిరితిత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నడుమ గుండె చిన్నగా, దాని పైన సన్నటి గీతలా వెన్ను. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. పై అంచుల్లో నా బిడ్డ వేళ్ళ ఎముకలు కూడా పడ్డాయి. వేరేవాళ్ళయితే చేతులు పక్కకు జరపమని కసిరి ఉండేవాణ్ణి. అంత శుభ్రమైన పసిపిల్లల ఫిల్ము నేను చూడలేదని అనిపించింది, గర్వం కూడా కలిగింది. ఎందుకు చూడలేదో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. నా కన్నుకు ఉన్నదాన్ని వెతకడమే వచ్చు. ఉండాల్సింది లేకపోతే దానికి ఏమీ తోచదు.

"అద్దం లెక్క ఉన్నది బిడ్డా, పరేషాన్ గాకు" అని చెప్పాను. డాక్టరు కూడా పైపైన చూసి నిమ్ము లేదన్నాడు. నిమ్ము నిజంగానే లేదు.

మూడో నెలలో వాడి నోట్లో తెల్లటి పూత మొదలైంది. మందు రాస్తే పోయేది, ఆపితే మళ్ళీ వచ్చేది. తర్వాత విరేచనాలు. పాలు తాగేవాడు గానీ ఒళ్ళు చేసేవాడు కాదు. బొద్దుగా ఉన్నవాడు మా కళ్ళ ముందే చిక్కిపోయి, మొహం మీద కళ్ళే మిగిలాయి. పళ్ళు వస్తున్నాయని ఒకరు, దిష్టి అని ఒకరు, పాలు పడటం లేదని ఒకరు. జనగామలో పేరున్న డాక్టరు దగ్గరికి రైల్లో నాలుగుసార్లు తిరిగాం. వెళ్ళిన ప్రతిసారీ తగ్గేది, ఇంటికి రాగానే తిరగబెట్టేది. అయిదో నెలలో ఊపిరాడక డొక్కలు ఎగరేస్తుంటే మళ్ళీ నేనే ఎక్స్‌రే తీశాను. ఈసారి నా కన్నుకు కావాల్సినంత తెలుపు దొరికింది. రెండు వైపులా పొగమంచు పట్టినట్టుంది. అదే రోజు హైదరాబాద్ తీసుకుపోయాం.

అక్కడ ఒక డాక్టరమ్మ రక్తం తీయించి, రెండు రోజుల తర్వాత నన్నూ అల్లుణ్ణీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మూలుగలో పుట్టిన కొన్ని కణాలు థైమస్‌లోకి వెళ్తాయట. అక్కడ వాటికి పరీక్ష. పరాయిదాన్ని గుర్తుపట్టగలదా, సొంత ఒంటి మీదికే తిరగబడుతుందా అని చూసి, పనికిరానిదాన్ని అక్కడే చంపేస్తుంది ఆ గ్రంథి. పోయేవే ఎక్కువ, నిలిచేవి కొన్ని. మా అమ్మ చాటలో వడ్లు చెరిగి తాలు ఎగరగొట్టడం నాకు గుర్తొచ్చింది. అలా నిలిచినవే టి కణాలు. వాటిలో ఒక రకం మిగతా కణాలకు పని పురమాయిస్తుంది. ఇంకో రకం జబ్బు పట్టిన కణాన్ని తానే చంపేస్తుంది. ఏ రకం ఎంత పాళ్ళలో ఉంటుందన్నది మనిషి మనిషికీ కొంత మారుతుంది. అందులో కొంత తల్లిదండ్రుల జన్యువుల్లోనే ఉంటుంది, కొంత ఆ గ్రంథి పనితనంలో ఉంటుంది. ఆ పాళ్ళు తప్పితే ఒకరికి జబ్బులు అంటుకుంటాయి, ఇంకొకరికి సొంత ఒళ్ళే శత్రువవుతుంది. మా వాడి విషయంలో పాళ్ళు తప్పడం కూడా కాదు. రెండు రకాలూ దాదాపు లేవు. ఆ కణాలు తయారు కావడానికి కావాల్సిన జన్యువొకటి చెడిపోయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ చెడిందే వచ్చి ఉంటుందని ఆమె అనుమానం. కణాలే రాకపోతే థైమస్ దేనితో పెరుగుతుంది అంది. మీరిద్దరూ బంధువులా అని అల్లుణ్ణి అడిగింది. అల్లుడు నా వైపు చూశాడు.

ఆ రిపోర్టును అల్లుడు ఫోన్లో ఇంటికి పంపాడు. అక్క దాన్ని వాళ్ళ ఊళ్ళో సూదిమందు వేసే డాక్టరుకు చూపించింది. అందులో సీడీ ఫోర్ అన్న మాట ఉంది, పని పురమాయించే టి కణాల లెక్క అది, దాని ఎదురుగా ఉన్న అంకె అట్టడుగున ఉంది. మా వైపు ఆ మాట ఎయిడ్స్ అన్న ఒక్క జబ్బుకే తెలుసు. దవాఖానలో ఒక గది ముందు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళకు చేసే పరీక్ష అది. అతను పెద్ద తెలిసినవాడిలా తల పంకించి, ఇది పెద్ద జబ్బేనన్నాడు. అక్క మర్నాడు హైదరాబాద్ వచ్చింది. మనవణ్ణి అద్దంలోంచి చూసి, నన్ను వరండాలోకి పిలిచింది.

"నీ బిడ్డకు ఏమన్న ఉన్నదా తమ్మీ? నాకన్న నిజం చెప్పు."

నా ఒళ్ళు మండిపోయింది. నా కొడుకు అని ఆమె అడగలేదు, నీ బిడ్డ అని అడిగింది. అమ్మకు పోయిన ఇద్దరికీ కూడా ఇదే ఉండి ఉంటుందని, ఇది మన అమ్మానాయినల నుంచి నీకూ నాకూ వచ్చి, వీళ్ళిద్దరికీ మనమే పంచి పెట్టామని గట్టిగా అరిచి చెప్పాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. తర్వాత ఆమె నా బిడ్డ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది గానీ, ఆ అనుమానం ఊళ్ళో మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మూలుగ మార్పిడి ఒక్కటే దారి అన్నారు. ఇంట్లో అందరి రక్తం తీసి చూశారు. బయటివాళ్ళతో కలవడం మామూలుగా చాలా కష్టమట. మా ఇంట్లో మాత్రం నాది అచ్చంగా కలిసింది. ఇంత దగ్గరి పెళ్ళిళ్ళ వల్ల ఒక్కోసారి ఇలా కూడా కలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నేను సంతోషంతో ఎగిరి గంతేశాను, ఆ వయసులో. ఆమె సంతోషించలేదు. ఊపిరితిత్తులు ఈ స్థితిలో ఉండగా చేయలేం, ఇవి తేరుకోవాలి అంది. మొదటి రెండు మూడు నెలల్లో, ఏ జబ్బూ అంటకముందు వచ్చి ఉంటే బతికే అవకాశం చాలా ఎక్కువ ఉండేదని కూడా అంది. అప్పుడు పాత ఫిల్ములు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. అల్లుడు రక్తం సీసా కోసం వెళ్ళాడు, నా బిడ్డ లోపల వాడి దగ్గర ఉంది. ఆమె ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. సంచిలోంచి ఇరవై మూడో రోజు ఫిల్ము తీసి ఇచ్చాను.

ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. గుండెకు పైన ఆ సన్నటి చోట వేలు పెట్టింది. ఇక్కడ థైమస్ నీడ లేదు అంది. జబ్బు ముదిరిన పిల్లల్లోనూ అది కుంచించుకుపోతుంది గానీ, ఉత్త జలుబుకు ఇంతలా పోదు, ఇది చూసినవాళ్ళకు అప్పుడే అనుమానం రావాల్సింది అంది. ఎవరు తీశారని అడిగింది.

"మా ఊళ్ళో ఎవరో టెక్నీషియన్ అండీ" అన్నాను.

ఇంత బతుకు బతికి నేను ఆడిన అబద్ధాల్లో అంత తేలిగ్గా నోటికొచ్చింది ఇంకొకటి లేదు. ఆ ఫిల్మును సంచిలో అన్నిటికన్నా అడుగున పెట్టాను.

వాడి ఊపిరితిత్తులు తేరుకోలేదు. ఏడో నెలలో ఒక రోజు పొద్దున్నే, నర్సు పాలగొట్టం మారుస్తుండగా పోయాడు. చిల్పూర్ దగ్గరి వాళ్ళ ఊరికి తీసుకుపోయాం. పసివాళ్ళను కాల్చరు గనక పొలం గట్టున గొయ్యి తీశారు. గుట్ట అక్కడికి కనబడుతూనే ఉంటుంది. పుట్టు వెంట్రుకలతోనే వాణ్ణి మట్టిలో పెట్టాం. నా మూలుగ ఒక్క చుక్క కూడా ఖర్చు కాకుండా నాలోనే ఉండిపోయింది.

జన్యువు రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. డాక్టరమ్మ అనుమానించినట్టే ఉంది. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం అని, ఈసారి కడుపు పండితే మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవాలని చెప్పి పంపింది. నా బిడ్డ ఏడాదిన్నర తర్వాత మళ్ళీ నీళ్ళోసుకుని, అయిదో నెల దాటేదాకా మాకెవ్వరికీ చెప్పలేదు. తెలుసుకుని తీసేయించుకునే బలం తనకు లేదని తల్లితో అందట. నాతో అనలేదు. ఇక పుట్టగానే బొడ్డుతాడు రక్తం హైదరాబాద్ పంపడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

పాప పుట్టింది. రక్తం పంపాం. రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు. మా ఇంట్లో ఒక గది కడిగి, తల్లీబిడ్డల్ని అందులో పెట్టి, అక్కను కూడా గుమ్మం దాటనివ్వలేదు. నాలుగో రోజుకు నాకు పిచ్చెక్కినట్టయింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఎక్స్‌రే తీస్తే తెలియదా అని అడిగాను. అది ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం గానీ నీడ కనబడితే మంచి సూచనే, మెషీన్ శుభ్రం చేసి తీయండి అంది. జనం రాకముందే పొద్దున సెంటరు కడిగించి, పాపను తీసుకుపోయాం. నా భార్య పాప చేతులు పట్టుకుంది. పాప ఎంతకీ ఏడవలేదు. అరికాలి మీద మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది.  ఏడ్చింది, పీల్చింది, నొక్కాను.

గుండెకు పైన, కుడివైపు కొంచెం ఎక్కువగా, ముద్దలా తెల్లటి నీడ. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను దేన్ని చూసీ అంత ఏడవలేదు.

ఆ ఫిల్ము పట్టుకుని ఇంటికి పరుగు లాంటి నడకతో వచ్చాను. నా బిడ్డ మంచం మీద కూర్చుని ఉంది. కిటికీకి ఎత్తి చూపించాను. ఇది థైమస్ బిడ్డా, ఇక్కడ తెల్లగా ఉండాలె, ఉన్నది, చూసినవా, ఒక్క చూపుల తెలిసిపోతది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత పాపను తన తల్లి చేతికిచ్చి, లేచి బీరువా తెరిచి, చీరల అడుగు నుంచి ఒక పాత కవరు తీసింది. ఫోన్ నిండా వాడి ఫోటోలున్నా, ఆ ఫిల్ములో తన వేళ్ళు వాణ్ణి పట్టుకుని ఉన్నాయని దాన్ని దాచుకుంది. హైదరాబాద్ సంచిలో నేను అడుగున పెట్టిన ఫిల్ము అది. ఆమె తీసుకుందని నాకు తెలియదు. రెండిటినీ పక్కపక్కన కిటికీకి ఆనించి పట్టుకుంది.

"మరి వానిదాంట్ల లేదు గదా బాపూ."

నేను కిటికీ దగ్గరి నుంచి వెనక్కి జరిగాను.

"నువ్వు చూసే చెప్పినవు గదా, అద్దం లెక్క ఉన్నదని."

"శుభ్రంగ ఉన్నదనుకున్న బిడ్డా. లేదన్నది నా కంటికి ఆనలే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే, నువ్వు పక్కన పెడితేనే తెలిసిందనొచ్చు. నా భార్య కూడా అదే చెప్తానేమోనని ఆశగా నా మొహంలోకి చూసింది.

"వాడు ఉన్నప్పుడే. పట్నం డాక్టరమ్మ చూపెట్టింది. నేను తీసిన్నని ఆమెకు చెప్పలే."

నా బిడ్డ రెండు ఫిల్ములూ ఒకే కవరులో పెట్టి బీరువా మూసింది. పాపకు పాలివ్వాలి, జర బయట కూసో బాపూ అంది. ఆరు రోజులకు రిపోర్టు మంచిగా వచ్చింది. ఆ మాట నాకు అల్లుడు చెప్పాడు.

ఇప్పుడు పాపకు రెండో ఏడు. చెల్పూర్‌లో అమ్మానాన్నల దగ్గరే పెరుగుతోంది. పండగలకు వస్తారు, నా బిడ్డ నాకు అన్నం వడ్డిస్తుంది, ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. పోయిన నెల పాపకు దగ్గు ఎక్కువై ఎక్స్‌రే తీయించారట, భూపాలపల్లిలో. నాకు చెప్పలేదు, ఫిల్ము ఫోటో కూడా పంపలేదు. అక్కడి టెక్నీషియన్ పాపను ఏడిపించకుండానే ఒక్క నిమిషంలో తీసేశాడని నా భార్య మురిసిపోతూ చెప్పింది. అలా తీస్తే ఫిల్ము సరిగ్గా రాదన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మంచిగ ఉన్నదటనా అని మాత్రం అడిగాను.